చింతపండుతో తోమిన రివాల్వర్

వైశాలికి అన్నిటికన్నా పెద్ద భయం, కూతురు తనని చూసి సిగ్గుపడే రోజు వస్తుందేమోనని.

మిగతా భయాలకూ కొదవ లేదు. పెరట్లో సాలీడు కనిపిస్తే భయం. కారు మోటర్‌వే ఎక్కితే భయం. కూతురు పింకీ ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, పక్కనే కూర్చుని పిల్ల ఊపిరి చూస్తూ ఉండిపోయేది. అవన్నీ వచ్చేవి, పోయేవి. ఇది మాత్రం కాల్లో విరిగిన ముల్లులా కదిలినప్పుడల్లా గుచ్చుకునేది.

సిడ్నీ శివార్లలోని ద పాండ్స్‌లో, వాళ్ళ వీధిలో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవే. ఆడవాళ్ళు కూడా ఆఫీసులకు వెళ్ళేవాళ్ళే. కొత్తగా ఎవరు కలిసినా, పేరు అడిగాక రెండో మాట "మీరేం చదివారండీ?" అనే. వైశాలి ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో మానేసింది. ఏలూరులో ఆర్మ్‌డ్ రిజర్వు కానిస్టేబులుగా పనిచేసే నాన్నకు పక్షవాతం వచ్చి మంచాన పడితే, ఆయన్ని కనిపెట్టుకుని ఉండటానికి ఇంట్లో మరో మనిషి లేకపోయింది. ఆయన పోయాక పెళ్ళి, పెళ్ళయ్యాక సిడ్నీ. భర్త భానుప్రసాద్ మంచివాడే. కానీ ఇక్కడ వెళ్ళిన మొదటి పుట్టినరోజు ఫంక్షన్లోనే ఎవరో ఆ ప్రశ్న వేస్తే, ఆమె నోరు తెరిచేలోగా "బీకామ్" అని తనే చెప్పేశాడు. ఇంటికొచ్చాక, నీకు ఇబ్బందిగా ఉంటుందని అలా అన్నాన్లే అన్నాడు. ఇబ్బంది ఎవరికని ఆమె అడగలేదు.

ఆ అబద్ధాన్ని మోస్తూ ఇంట్లో కూర్చోలేకపోతుంటే, పక్క వీధి శ్యామసుందరి ఆంటీ ఒక దారి చూపించింది. బ్లాక్‌టౌన్ దాటాక ఒక పాత చర్చి వెనక రాతి ఇల్లొకటి ఉంది. దాన్ని రిటైరైన ముసలివాళ్ళు కొందరు మ్యూజియంలా నడుపుతున్నారు. జీతం ఉండదు. వారానికి రెండు పూటలు వెళ్ళి ఊడ్చి తుడిస్తే రేపు ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు లోకల్ ఎక్స్‌పీరియెన్స్ కింద రాసుకోవచ్చు, ఇంగ్లిష్ కూడా వస్తుంది. "చీపురు పట్టుకోవడానికి సర్టిఫికెట్ అడగరులేవే" అని నవ్వింది ఆంటీ. వైశాలి కూడా నవ్వింది.

ఆ ఇంటి తాళంచెవి నోరీన్ మెడలో ఆకుపచ్చ రిబ్బనుకు వేలాడుతూ ఉండేది. ఎనభై దాటిన మనిషి, పొడుగ్గా, కాస్త వంగిపోయి, ఎడమ చెవికి మిషను పెట్టుకుని ఉండేది. ఎవరినైనా ముద్దుగా "లవ్" అనే పిలుస్తుంది. భర్త పోయి చాలాకాలమైంది. ఒక్కగానొక్క కొడుకు పెర్త్‌లో ఉంటాడు. శనివారాలు ఆ ఇల్లు తెరిచి, వచ్చినవాళ్ళకు కథలు చెప్పడమే ఆమెకు బతుకు. ఆమె ఇంగ్లిష్ వైశాలికి సగమే అందేది. మిగతా సగం ముఖం చూసి పూరించుకునేది. అర్థం కాని చోటల్లా "యెస్, యెస్" అనడం అలవాటైపోయింది.

ముందుగదిలో అద్దాల పెట్టెలో ఒక రివాల్వర్ ఉంది. పేలే అవకాశం లేదు. గొట్టం లోపల పూడ్చేశారు, మీట కదలకుండా బిగించేశారు. నోరీన్ ముత్తాతది. బంగారు గనుల రోజుల్లో ఆయన గుర్రం మీద బంగారపు బళ్ళకు కాపలా వెళ్ళే పోలీసు. చూసేవాళ్ళకు అదొక నల్లబడిన ఇనప ముక్క. నోరీన్ నోట మాత్రం అది ఒక పెద్ద కథ. అంతకుముందు పిస్తోలంటే ఒక్క దెబ్బే. పేల్చాక మళ్ళీ మందు కూరి, గుండు దించేలోపు ఎదుటివాడు మీద పడేవాడు. ఇది వచ్చాక ఆరు గదుల చక్రం తిరుగుతూ ఆరు గుళ్ళు వరసగా పేల్చేది. అమెరికాలో తయారై, బంగారం కోసం వచ్చిన జనంతో పాటే ఓడల్లో ఇక్కడికి దిగింది. పోలీసులు పెట్టుకున్నారు, వాళ్ళను కొట్టి దారిదోపిడీగాళ్ళు లాక్కున్నారు, మళ్ళీ వాళ్ళ దగ్గర్నుంచి పోలీసులు లాక్కున్నారు. ఒకే తుపాకీ ఇద్దరి నడుముకూ వేలాడింది. గుర్రం కుదుపుకు తనంతట తనే పేలకుండా తెలివైనవాళ్ళు ఒక గది ఖాళీగా ఉంచుకునేవాళ్ళట.

ఇదంతా చెప్పి, చివర్న నోరీన్ టార్చిలైటు తీసేది. తిరిగే చక్రం మీద వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకునేది. అప్పుడు ఆ నలుపులోంచి ఓడలు పైకి తేలేవి. తెరచాపల ఓడలు, వాటి మధ్య పొగ. టెక్సాస్ ఓడలూ మెక్సికో ఓడలూ సముద్రం మీద కొట్టుకున్న బొమ్మ అది. ఆ కంపెనీవాళ్ళు ఈ రకం తుపాకులన్నిటి మీదా అచ్చు వేసేవారట. సముద్రం మొహం చూడని గుర్రపు పోలీసు నడుముకు సముద్రపు యుద్ధం. చూసిన ప్రతి పిల్లా నోరు తెరిచేది. పింకీ కూడా ఒక శనివారం అమ్మతో వచ్చి చూసి, వారం రోజులు ఇంట్లో ఓడలే గీసింది.

తుడిచే పని గురించి నోరీన్ మొదటి రోజే చెప్పింది. పెట్టె అద్దం తుడువు, లోపలివి ముట్టుకోకు. వైశాలి అలాగే చేసింది. ఒకసారి నోరీన్ ఆ రివాల్వర్ పిడి వెనకవైపు ఇత్తడి పట్టీ మీద వేలు పెట్టి, మెల్లగా ఏదో చాలాసేపు చెప్పింది. అప్పుడు ఆమె ముఖంలో కథలు చెప్పేటప్పటి వెలుగు లేదు. వైశాలికి ముక్క అర్థం కాలేదు. "యెస్, యెస్" అంది.

అక్టోబరులో దసరా వచ్చింది. పింకీకి స్కూలు సెలవులు. సెలవుల తర్వాత మొదటి వారమే వాళ్ళ క్లాసుని ఆ మ్యూజియానికే తీసుకువస్తున్నారని తెలిసినప్పటి నుంచీ పిల్లకు కాలు నిలవలేదు. టీచరు పింకీని ఓడల గురించి రెండు మాటలు చెప్పమంది కూడా. మా మమ్ అక్కడ వర్క్ చేస్తుందని పింకీ అందరికీ చెప్పేసింది. వైశాలికి ఆ మాట విన్నప్పుడు గుండె నిండింది, వెంటనే భయమూ వేసింది. అమ్మ పనిచేసే చోటు అంటే అమ్మ మెరిపించిన చోటు అయి ఉండాలి కదా. ఆ పిల్లలందరి ముందూ ఆ నల్లటి, జిడ్డోడుతున్న ముక్కని పెట్టడమా?

ఏలూరులో దసరాకి ఆర్మ్‌డ్ రిజర్వు లైన్లలో ఆయుధ పూజ ఎలా చేసేవారో ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. ముందురోజంతా నాన్న తుపాకుల ఇత్తడి భాగాలు చింతపండు, ఉప్పు వేసి తోమి, తళతళలాడించి, తెల్లారి పసుపూ కుంకుమా పెట్టేవాడు. తుప్పు పట్టిన ఆయుధం ఉన్నచోట మంచి జరగదని ఆయన నమ్మకం. ఇక్కడ ఇంట్లో దేవుడి సామాను తోముకోగా చింతపండు మిగిలింది. నోరీన్ వేళ్ళు వాతం వచ్చి వంకర్లు పోయాయి, పాపం తోమలేకే అలా వదిలేసి ఉంటుంది, అడిగితే మొహమాటపడుతుంది అనుకుంది. ముట్టుకోకు అన్న మాట గుర్తు రాకపోలేదు. పగిలిపోతాయని అలా అని ఉంటుందిలే, ఇది పగిలేది కాదు కదా అని సర్దిచెప్పుకుంది.

సోమవారం పొద్దున నోరీన్ తాళంచెవి చేతికిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వైశాలి పెట్టె తెరిచింది. పిడి చుట్టూ ఇత్తడిని చింతపండు గుజ్జుతో రుద్దింది. మూలల్లో నల్లగా పేరుకున్నదంతా కరిగి, కింద నుంచి పసుపుపచ్చ ఇత్తడి బంగారంలా బయటపడుతుంటే ఆమెకు ఉత్సాహం ఆగలేదు. వెనకపట్టీ మీద సన్నటి గీతలు అడ్డదిడ్డంగా ఉంటే, స్టీల్ పీచుతో చదును అయ్యేదాకా రుద్దింది. ఆ ఊపులోనే చక్రానికి పట్టిన మచ్చలు కూడా. కడిగి, తుడిచి, చెక్కకు కొబ్బరినూనె రాసింది. చివర్న అడుగున, ఎవరికీ కనపడని చోట, చిన్న కుంకుమ బొట్టు పెట్టింది. నాన్న చూస్తే మెచ్చుకునేవాడు అనుకుంది.

మంగళవారం పిల్లలు వచ్చారు. ఊదారంగు టోపీలు, గోల. నోరీన్ మామూలుగానే కథ మొదలుపెట్టింది. రివాల్వర్ని చూపెట్టకుండా కథ నడిపి, అప్పుడు పెట్టె తెరవడం ఆమె పద్ధతి. పెట్టె దగ్గరికి రాగానే ఒక్క క్షణం ఆగిపోయింది. తరువాత చేతికి తొడుగులు వేసుకుని, రివాల్వర్ని తీసి, టార్చి వెలిగించింది. ఏటవాలుగా పట్టింది. ఇటు తిప్పింది. అటు తిప్పింది.

పింకీ ముందువరసలో నిలబడి ఉంది. చెప్పాల్సిన రెండు మాటలూ పెదవుల మీద ఉన్నాయి. "మమ్, వేర్ ఆర్ ద షిప్స్?" అంది.

అందరూ వైశాలి వైపు చూశారు. టీచరు కూడా. నోరీన్ ఆ పచ్చటి ఇత్తడిని చూసింది, బొట్టుని చూసింది, తలెత్తి వైశాలిని చూసింది, ఆ తర్వాత పింకీని. అప్పుడు నెమ్మదిగా టార్చి ఆర్పి, పిల్లలతో నవ్వుతూ చెప్పింది. ఓడల్ని నేనే చెరిపేశాను లవ్, బాగా మెరవాలని తోమేశాను, ముసలివాళ్ళు ఇలాంటి పిచ్చిపనులు చేస్తుంటారు.

పిల్లలు నవ్వారు. వైశాలి ఏమీ అనలేదు. అనడానికి సమయం ఉంది. నోరీన్ పక్కగదిలోకి తీసుకువెళ్ళి పాత పొయ్యి చూపిస్తున్నంతసేపూ ఉంది. ఆమె గోడకి ఆనుకుని, నేలమీద ఒక చెక్కపలక వైపు చూస్తూ నిలబడింది.

బస్సు వెళ్ళాక నోరీన్ కుర్చీలో కూర్చుంది. కోప్పడితే బాగుండేదని వైశాలికి అనిపించింది. ఈసారి ఒక్కో మాటా ఆగి ఆగి, అర్థమయ్యేలా చెప్పింది నోరీన్. మూలల్లో నల్లగా ఉన్నది మురికి కాదు, తయారైన నాటి వెండిపూత, నల్లబడింది. అది పోతే పోయింది. ఓడలు కూడా, సరే, అలాంటివి ఇంకా చాలా తుపాకుల మీద ఉన్నాయి. కానీ ఆ గీతలు.

"మా ముత్తాత బంగారపు బళ్ళ వెంట వెళ్ళాడని అందరం గొప్పగా చెప్పుకుంటాం. ఆ తర్వాత ఉత్తరాన, ఈ నేల అసలు మనుషుల మీదకి వెళ్ళిన గుర్రపు దళంలో కూడా ఉన్నాడు. అక్కడేం చేశాడో ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ గీతలు ఆయన గీసుకున్నవి. ఎందుకు గీసుకుంటాడు లవ్, మనిషి అలా లెక్కపెట్టినట్టు? ఈ ఇంట్లో మా మీద సాక్ష్యం చెప్పేది అదొక్కటే. అందుకే నేను ఎప్పుడూ తుడవలేదు."

వైశాలి సారీ అంది. మళ్ళీ అంది. మరి మీరే చేశానని ఎందుకన్నారని ఎలాగో కూడబలుక్కుని అడిగింది.

"నీ కూతురు చూస్తోంది కదా" అంది నోరీన్.

ఆ సాయంత్రం సింకు దగ్గర పింకీ నిలబడింది. అమ్మ మ్యూజియం నుంచి తిరిగి తెచ్చిన స్టీల్ పీచు నల్లగా ఉంది, దాని పోగుల్లో చింతపండు నార ఇరుక్కుని ఉంది. పిల్ల దాన్ని వేలితో కదిపి వాసన చూసింది.

"ఇట్ వాజ్ యూ" అంది.

వైశాలి బియ్యం కడుగుతూ, ఏంటమ్మా అంది.

"షి సెడ్ ఇట్ వాజ్ హర్. అండ్ యూ లెట్ హర్."

అరిచి అనలేదు. అలా అని తన గదిలోకి వెళ్ళిపోయింది. అన్నానికి పిలిస్తే వచ్చింది, తింది, అమ్మ ముఖం చూడలేదు. వైశాలి ఇన్నేళ్ళూ ఎదురుచూసిన సిగ్గు వచ్చింది. తను కాపలా కాసిన గుమ్మంలోంచి మాత్రం రాలేదు. ఇంటర్ మానేసినందుకు కాదు, బీకామ్ అబద్ధానికి కాదు, వచ్చీరాని ఇంగ్లిష్‌కి కాదు.

టీచరు నోరు ఊరుకోలేదో ఏమో, సంగతి మ్యూజియం కమిటీ దాకా వెళ్ళింది. కమిటీ పెద్ద గ్రెగ్ ఆ శనివారం వచ్చి రివాల్వర్ని చూసి తల పట్టుకున్నాడు. నోరీన్ అక్కడ కూడా అదే మాట చెప్పింది. యాభై ఏళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి తనే తోమేసిందంటే ఇక మతి నిలకడగా లేదన్నమాటే అని వాళ్ళు తేల్చుకున్నారు. పెర్త్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేశారు. జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించి, ఎక్కడైనా వృద్ధుల నివాసంలో చేర్చే సంగతి చూస్తానన్నాడట. ఆకుపచ్చ రిబ్బను నోరీన్ తనే మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. గ్రెగ్ దాన్ని తీసి వైశాలి చేతిలో పెట్టాడు. నమ్మకస్తురాలివి, ఇకనుంచి నువ్వే తెరువు అన్నాడు.

ఆమె తీసుకుంది. చెయ్యి చాచమంటే చాచింది.

భానుప్రసాద్‌కి చెబితే, పోనీలే వైశూ, ఆవిడే తన మీద వేసుకుందిగా, నువ్వెందుకు కెలుకుతావు, పోలీసు కేసులూ అవీ అయితే వీసా గొడవలవుతాయి అన్నాడు. ఆ మాటకి వైశాలి నాలుగు రోజులు బలంగా అతుక్కుంది. ఐదోనాడు పింకీ స్కూలు నుంచి వస్తూ, దారిలో ఎవరో ఫ్రెండ్ వాళ్ళమ్మ పలకరించి మీ మమ్ మ్యూజియంలో పనిచేస్తుందట కదా అంటే, "నో" అంది. వైశాలి పక్కనే ఉంది.

ఆ సాయంత్రం కూతురి పక్కన కూర్చుని, ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో నేర్పమంది. పింకీ చేతిలో పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత నేర్పింది. తల్లి తప్పు పలికిన చోట ఆపి మళ్ళీ చెప్పించింది. నవ్వలేదు, విసుక్కోలేదు.

శనివారం వైశాలి గ్రెగ్ ముందు నిలబడి, నేర్చుకున్నదంతా చెప్పింది. నేనే చేశాను. నోరీన్ చెయ్యలేదు. ఆమె నన్ను కాపాడింది. గ్రెగ్ మెత్తగా నవ్వాడు. నువ్వు చాలా మంచిదానివి అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. సంచిలోంచి చింతపండు, ఉప్పు తీసి, గుమ్మం దగ్గర వేలాడే ఇత్తడి గంటని అతని ఎదుటే సగం తోమి చూపించింది. సగం నలుపు, సగం బంగారం. గ్రెగ్ ఆశ్చర్యపోయి దాన్ని చేత్తో తడిమాడు.

"ఓహో, నోరీన్‌కి ఈ చిట్కా నేర్పింది నువ్వేనన్నమాట" అన్నాడు. "పాపం, అందుకని తప్పంతా నీ నెత్తిన వేసుకుంటున్నావు. నువ్వు బాధపడకు. ఆవిడ వయసు అలాంటిది."

వైశాలి ఇంకా ఏదో అనబోయింది. పింకీ నేర్పిన వాక్యాలు అయిపోయాయి. గ్రెగ్ వెళుతూ వెళుతూ, మిగతా సగం కూడా తోమెయ్ అన్నాడు.

అక్కడి నుంచి తిన్నగా నోరీన్ ఇంటికి వెళ్ళింది. తలుపు కొట్టింది. కిటికీ తెర కదిలింది, తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ వారం పింకీని కూడా తీసుకువెళ్ళింది. పిల్ల గీసిన ఓడల బొమ్మని తలుపు కింద నుంచి లోపలికి తోశారు. కాగితాన్ని ఎవరో లోపలికి లాక్కున్నారు. అంతే, తలుపు తెరుచుకోలేదు. కోపమో, సిగ్గో, శనివారాలు పోయాక ఇక ఎవరి కోసం తలుపు తియ్యాలన్న నిరాశో తెలియదు. వాకిట్లో చెత్తడబ్బా వారం వారం చెత్తబండి కోసం రోడ్డు మీదకి రావడం మానేసింది. ముందటి గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది. తాళంచెవి రిబ్బనుతో సహా ఇప్పటికీ వైశాలి హ్యాండ్‌బ్యాగులో ఉంది. మ్యూజియం శనివారాలు మూసే ఉంటోంది, ఆమె తెరవడం లేదు.

అందుకని, ఇది చదివేవాళ్ళలో ఎవరైనా బ్లాక్‌టౌన్ చుట్టుపక్కల ఉంటే ఒక్క పని చేసిపెట్టండి. ఆ పాత చర్చి వెనక, రాతి ఇంటికి రెండో పక్కన, నీలం తలుపు ఇల్లు. గట్టిగా కొట్టండి, ఎడమ చెవి వినపడదు. తలుపు తీస్తే, ఒంట్లో ఎలా ఉందో, సరిగ్గా తింటోందో లేదో చూడండి. తర్వాత ఓడల సంగతి అడగండి. ఏ ఓడ ఎటు తిరిగి ఉండేదో, పొగ ఎక్కడ మొదలయ్యేదో, పిడి మీద గీతలు ఎక్కడెక్కడ ఉండేవో ఆమెకు కంఠతా వచ్చు. అన్నీ విని, మతి తప్పిన మనిషి అలా చెప్పగలదో లేదో మీరే చూసి, ఆ సంగతి గ్రెగ్‌కి చెప్పండి. వైశాలి చెబితే నమ్మడం లేదు.